ఖార్కివ్ ఫ్యాక్టరీల సంగతి: యుద్ధం ఆగకుండానే ఊరు ఎలా లేస్తోంది?

వంశధార

ఉక్రెయిన్ యుద్ధం గురించి మన దగ్గర ఎంతసేపూ పుతిన్, జెలెన్‌స్కీ, నాటో, ఆయిల్ ధర, ఇదే చర్చ. ఒక్క ఊరిని పట్టుకుని తీరిగ్గా మాట్లాడుకుందామని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను. ఆ ఊరు ఖార్కివ్. మెడిసిన్ సీట్ల పుణ్యమా అని మనవాళ్లకి ఈ పేరు ముందే తెలుసు, 2022 మార్చిలో టీవీల్లో రోజంతా మోగింది, పిల్లలు ఇళ్లకు చేరాక మనం మర్చిపోయాం. రష్యా సరిహద్దుకి 30, 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి మీద మాత్రం దాడులు ఆగలేదు.

1654లో కోటగా మొదలైంది. 1805లో యూనివర్సిటీ వచ్చింది. కానీ ఊరి తలరాత మార్చింది 1869లో వచ్చిన రైలు. దక్షిణాన దొన్‌బాస్ బొగ్గు, ఉత్తరాన మాస్కో, మధ్యలో ఈ జంక్షన్. 1890ల్లో రైలింజన్ల ఫ్యాక్టరీ పెట్టారు, 1897లో తొలి ఇంజను బయటికొచ్చింది. 1919 నుంచి 1934 దాకా సోవియట్ ఉక్రెయిన్ రాజధాని కీవ్ కాదు, ఇదే. ఆ ధీమాతోనే దెర్‌జ్‌ప్రోమ్ అనే కాంక్రీటు భవనాల సముదాయం 1928కల్లా కట్టేశారు, బ్లాకుకీ బ్లాకుకీ మధ్య గాల్లో వంతెనలు ఉంటాయి, ఫొటో చూస్తే నిన్న మొన్న కట్టినట్టే ఉంటుంది. 1931 అక్టోబర్ 1న ట్రాక్టర్ ఫ్యాక్టరీ, 1934లో టర్బైన్ల ఫ్యాక్టరీ. అనాథ పిల్లల కోసం మకరెంకో అనే విద్యావేత్త నడిపిన కమ్యూన్‌లోనే ఆ పిల్లలు జర్మన్ లైకాని చూసి ఫెద్ అనే కెమెరా తయారుచేశారు. 1932లో ఇక్కడి భౌతిక శాస్త్ర సంస్థలో అణు కేంద్రకాన్ని చీల్చారు, ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త లాండావ్ పనిచేసింది అక్కడే.

ఇదే కాలంలో రెండో కథ కూడా ఉంది. 1932, 33 కరువు. పల్లెల్లో ధాన్యం మొత్తం ఊడ్చుకుపోతే రైతులు రొట్టె ముక్క కోసం ఖార్కివ్ వచ్చి, వీధుల్లోనే పడి చనిపోయారు. పొలాల కోసం ట్రాక్టర్లు తయారవుతున్న ఊళ్లో పొలం దున్నేవాడు ఆకలితో చచ్చిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆ ఊరి రచయితల్ని, వాళ్ల కోసం ప్రత్యేకంగా కట్టిన అపార్టుమెంటు నుంచి ఒక్కొక్కరినీ పట్టుకుపోయారు, చాలామందిని కాల్చేశారు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే ఖార్కివ్ చరిత్ర సగమే చెప్పినట్టు.

నేను అనేది ఏంటంటే, ఈ ఊరు బాగుపడటానికి యుద్ధం అయ్యేదాకా ఆగలేదు, పొద్దున్న దెబ్బ తింటే సాయంత్రానికి బాగుచేసుకుంటోంది. ఇది నిజంగా కోలుకోవడమేనా, లేక ప్రాణం నిలబెట్టుకోవడం మాత్రమేనా? తెలిసినవాళ్లు రాయండి.

కోక్ బ్యాటరీ మాస్టారు

వంశధార గారూ, మంచి థ్రెడ్. ఈ ఊరితో విశాఖకి ఉన్న బంధుత్వం చాలామందికి తెలియదు, అది చెప్తాను.

నేను స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్స్‌లో, అంటే బొగ్గుని కాల్చి ఉక్కు కొలిమికి కావాల్సిన కోక్ చేసే పొయ్యిల దగ్గర, చేసి రిటైర్ అయ్యాను. మా బ్యాటరీల (వరసగా కట్టిన ఓవెన్లని అలా అంటాం) డిజైన్ ఖార్కివ్‌లోని జిప్రోకోక్స్ అనే సంస్థది. 7 మీటర్ల ఎత్తు ఓవెన్లు, బ్యాటరీకి 67, ఒక్కో ఓవెన్ లోపలి జాగా 41.6 ఘనపు మీటర్లు. ఈ అంకెలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. డ్రాయింగుల మీద రష్యన్ అక్షరాలు, పక్కన ఇంగ్లీషు. చేరిన కొత్తలో అందరం వాళ్లని "రష్యా వాళ్లు" అనే అనేవాళ్లం. ఆ కాగితాలు ఏ ఊరి బల్లల మీద గీశారో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆ డిజైన్‌లో నాకు బాగా నచ్చింది డ్రై కూలింగ్. మామూలుగా ఓవెన్ నుంచి తోసిన కోక్ వెయ్యి డిగ్రీల పైన ఎర్రగా మండుతూ వస్తుంది, దాని మీద నీళ్లు గుమ్మరిస్తారు, ఆవిరి మబ్బులా లేస్తుంది, వేడంతా గాలిపాలు. మా దగ్గర అలా కాదు. ఎర్రటి కోక్‌ని బకెట్‌లో పైకెత్తి చాంబర్‌లో పోసి, కింద నుంచి నైట్రోజన్ పంపుతాం. గాలి తగలదు కాబట్టి కోక్ కాలిపోదు, వేడిని నైట్రోజన్ మోసుకెళ్లి బాయిలర్‌లో ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరితో కరెంటు. కాలుష్యం తక్కువ, కోక్ గట్టిది. విశాఖ సముద్రపు గాలిలో ఈ పద్ధతి విలువేంటో అక్కడ పనిచేసినవాళ్లకే తెలుసు.

2022లో ఆ ఊరి మీద బాంబులు పడుతున్న వీడియోలు చూస్తుంటే నాకు వేరే దేశం సంగతిలా అనిపించలేదు.

నల్లరేగడి

మాస్టారూ, మీ పోస్టు చదివి సంతోషం. కానీ ఇందులోనే నా ప్రశ్న కూడా ఉంది. ఈ ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం ఎవరు కట్టారు? సోవియట్ యూనియన్. ఖార్కివ్‌లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది రష్యన్. వాళ్ల ట్రాక్టర్లకీ టర్బైన్లకీ పెద్ద గిరాకీ రష్యాలోనే. ఆ బంధం తెంచుకున్నాకే ఫ్యాక్టరీలు మూతపడే స్థితికి వచ్చాయి. యుద్ధాన్ని నేను సమర్థించట్లేదు, మామూలు జనం ఇళ్ల మీద మిసైల్ వేసినవాడు ఎవడైనా నేరస్థుడే. కానీ ఆ ఊరి పతనం 2022లో మొదలైందని రాస్తే చరిత్ర కాదు.

వంశధార

@నల్లరేగడి అన్నా, పతనం 1990ల్లోనే మొదలైంది, అది ఒప్పుకుంటాను. సోవియట్ ఆర్డర్లు ఆగిపోయాక ట్రాక్టర్ ఫ్యాక్టరీ చిక్కి శల్యమైంది. ట్యాంకుల ఫ్యాక్టరీ (మాలిషెవ్ ప్లాంట్) ఎలా బతికిందో తెలుసా? 1996లో పాకిస్తాన్‌తో 320 టి-80యూడీ ట్యాంకుల ఒప్పందం, దాదాపు 65 కోట్ల డాలర్లు. మన ఒత్తిడి వల్లో ఏమో గానీ రష్యా విడిభాగాలు ఇవ్వడానికి మొరాయించింది, తుపాకీ గొట్టాలతో సహా చాలా భాగాలు ఉక్రెయిన్‌లోనే చేసుకోవాల్సి వచ్చింది. మనకి మింగుడుపడని డీల్, కానీ అక్కడి కార్మికుడికి అది జీతం.

రష్యన్ మాట్లాడతారు కాబట్టి రష్యావైపు ఉంటారు అనేదే అసలు పేచీ. 2014 ఏప్రిల్ 6న దొనెట్స్క్, లుహాన్స్క్‌లలో జరిగినట్టే ఖార్కివ్‌లోనూ రష్యా అనుకూలవాదులు ప్రాంతీయ పరిపాలనా భవనాన్ని ఆక్రమించి, మర్నాడు "పీపుల్స్ రిపబ్లిక్" అని ప్రకటించారు. రెండు రోజుల్లో, ఏప్రిల్ 8 తెల్లవారేసరికి ప్రత్యేక దళం భవనం ఖాళీ చేయించింది. అక్కడితో సరి. ఆ రెండు రోజులు వేరేలా జరిగి ఉంటే ఖార్కివ్ ఇవాళ ఇంకో దొనెట్స్క్. ఆ ఏడాది సెప్టెంబర్‌లో అదే చౌక్‌లో లెనిన్ విగ్రహం కూల్చారు. దొన్‌బాస్ నుంచి ఇళ్లు వదిలి వచ్చినవాళ్లకి పెద్ద ఆశ్రయం ఇచ్చింది కూడా ఈ ఊరే. ఎనిమిదేళ్లు అడకత్తెరలో పోకచెక్కలా బతికింది.

పాలమూరు పోరగాడు

చిన్న డౌట్. రెండో ప్రపంచ యుద్ధంలో కూడా ఈ ఊరు నాశనమైంది కదా, ట్యాంకుల ఫ్యాక్టరీ ఉందంటే జర్మన్లు వదిలిపెడతారా? అప్పుడు ఎట్ల లేచింది?

వంశధార

తమ్ముడూ, మంచి ప్రశ్న, దీని మీదే అసలు రాయాలనుకున్నా.

టి-34 ట్యాంకు ఈ ఊళ్లో పుట్టింది. డిజైనర్ మిఖాయిల్ కోష్కిన్ 1940 మార్చిలో రెండు నమూనా ట్యాంకుల్ని ఖార్కివ్ నుంచి మాస్కో దాకా మంచులో నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. ఆ ప్రయాణంలో పట్టిన న్యుమోనియా వదల్లేదు, సెప్టెంబర్‌లో పోయాడు. 1941లో జర్మన్లు దగ్గరికొస్తుంటే మొత్తం ట్యాంకు ఫ్యాక్టరీని, యంత్రాలు, కార్మికులు, కుటుంబాలతో సహా రైళ్లకెక్కించి ఉరల్ కొండల అవతల నిజ్నీ తగిల్‌కి తరలించారు. ట్రాక్టర్ ఫ్యాక్టరీ యంత్రాల్లో చాలా భాగం అల్తాయ్‌లోని రుబ్‌త్సోవ్‌స్క్ చేరి అక్కడ కొత్త ఫ్యాక్టరీ అయింది. నిజ్నీ తగిల్ ప్లాంటే తర్వాత టి-72 చేసింది, మన ఆవడిలో లైసెన్సు మీద చేసిన అజేయకి మూలం అదే. అంటే మన సైన్యం ట్యాంకు వంశవృక్షం వెనక్కి పట్టుకుపోతే ఖార్కివ్ దగ్గర తేలుతుంది.

1941 అక్టోబర్ 24న జర్మన్లు ఊళ్లోకి వచ్చారు. డిసెంబర్‌లో ఊళ్లోని యూదులందర్నీ ట్రాక్టర్ ఫ్యాక్టరీ, మెషిన్ టూల్ ఫ్యాక్టరీల బ్యారకుల్లోకి తోలారు. కిటికీ అద్దాల్లేవు, పొయ్యిల్లేవు, ఉక్రెయిన్ చలి. అక్కడ్నించి దగ్గర్లోని ద్రొబిత్‌స్కీ యార్ అనే లోయకి తీసుకెళ్లి కాల్చేశారు, కనీసం 15 వేల మందిని. 2022 మార్చిలో రష్యన్ షెల్ తగిలి అక్కడి స్మారకం దెబ్బతింది.

1943లో ఊరు ఫిబ్రవరిలో విడుదలైంది, మార్చిలో మళ్లీ జర్మన్ల చేతికి పోయింది, ఆగస్టు 23న చివరిసారి విడుదలైంది. యుద్ధానికి ముందు దాదాపు 9 లక్షల జనాభా, అప్పటికి మిగిలింది రెండు లక్షల లోపే. ఆ డిసెంబర్‌లోనే జర్మన్ యుద్ధ నేరస్థుల మీద బహిరంగ విచారణ ఇక్కడే జరిగింది, న్యూరెంబర్గ్ కంటే రెండేళ్ల ముందు. ఫ్యాక్టరీలు మళ్లీ మొదలయ్యాయి, 1960ల నుంచి సాల్తివ్కా అనే పెద్ద పేట లేచింది, 1975లో మెట్రో నడిచింది.

తేడా ఏంటంటే అప్పుడు ముప్పు పోయాక కట్టారు. ముందువరస పశ్చిమానికి జరిగిపోయింది, తిరిగి రాదని తెలుసు. ఇప్పుడలా లేదు.

తెల్లకోటు

ఈ థ్రెడ్ చూసి అకౌంట్ తెరిచాను. మాది ఖమ్మం. నేను ఖార్కివ్‌లో చదివాను, యుద్ధం మొదలయ్యేటప్పటికి అక్కడే ఉన్నాను.

టీవీలో చూపించనివి కొన్ని రాస్తాను. మా హాస్టల్ వార్డెన్ని అందరం కమెందాంత్ అనేవాళ్లం, పెద్దావిడ, మామూలు రోజుల్లో ఆవిడంటే మాకు హడల్, లైటు తీయలేదని కూడా అరిచేది. ఫిబ్రవరి 24 తెల్లవారుజామున మొదటి పేలుళ్లు వినబడగానే గది గదికీ వచ్చి లేపి బేస్‌మెంట్‌లోకి పంపింది ఆవిడే. తన ఇంటి నుంచి ఊరగాయ దోసకాయల సీసాలు, ఎండు రొట్టెలు తెచ్చి పెట్టింది. తన కొడుకు సైన్యంలో ఉన్నాడని తర్వాత తెలిసింది. మా ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు.

మార్చి 1 పొద్దున్న ఫ్రీడం స్క్వేర్‌లో పరిపాలనా భవనం మీద మిసైల్ పడింది. అదే రోజు సరుకుల క్యూలో నిలబడ్డ కర్ణాటక విద్యార్థి చనిపోయాడు. మర్నాడు మన ఎంబసీ నుంచి మెసేజ్, వెంటనే ఖార్కివ్ వదలండి, సాయంత్రం 6 లోపు పిసోచిన్, బాబై, బెజ్లూదివ్కా చేరండి, బండ్లు దొరక్కపోతే నడవండి అని. పిసోచిన్ 11 కిలోమీటర్లు. స్టేషన్‌లో రైలు ఎక్కలేక తిరిగొచ్చిన వందలమంది నడక మొదలుపెట్టాం. మంచు, పైన శబ్దం, చేతిలో ఫోన్ బ్యాటరీ అయిపోతోందని ఒకటే టెన్షన్. అడ్మిషన్ అప్పుడు రోజుకు పదిసార్లు ఫోన్ చేసిన కన్సల్టెన్సీ ఆ వారమంతా ఫోన్ ఎత్తలేదు. ఆపరేషన్ గంగ విమానం ఎక్కేదాకా అమ్మా నాన్నా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

నల్లరేగడి గారికి ఒక్క మాట. మా ప్రొఫెసర్లు చాలామంది తమలో తాము రష్యన్‌లోనే మాట్లాడుకునేవాళ్లు. ఆ వారం తర్వాత వాళ్ల ఆన్‌లైన్ క్లాసుల్లో రోల్‌కాల్ అయ్యాక ఇంగ్లీషు పాఠం, పాఠం తర్వాత తమలో మాటలు ఉక్రెయిన్ భాషలో. ఎవరూ చెప్పి మార్చలేదు, వాళ్లే మారిపోయారు. నేను కళ్లారా చూసింది అది.

పాలమూరు పోరగాడు

అక్కా, చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. ఇప్పుడు క్షేమంగా ఉన్నారు, అది చాలు.

నల్లరేగడి

తెల్లకోటు గారూ, మీ అనుభవం ముందు వాదించను. నేను అన్నది ఫ్యాక్టరీల మార్కెట్ గురించే, దాని మీద నా మాట అలాగే ఉంది. అయితే భాషని బట్టి జనం మనసు లెక్కేయకూడదన్నది సరే.

విస్తులా తీరం

నేను వార్సాలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మా టీమ్‌లో ఖార్కివ్ వాళ్లు చాలామంది. ఫ్యాక్టరీలు తగ్గాక ఆ ఊరికి రెండో ప్రాణం ఐటీ, యుద్ధానికి ముందు కీవ్ తర్వాత అదే పెద్ద సెంటర్. ఎందుకంటే ఇంజినీరింగ్ కాలేజీలు ముందే ఉన్నాయి, టర్బైన్ కోసం లెక్కలు నేర్పిన ఊరే కోడ్ రాసేవాళ్లని కూడా తయారుచేసింది.

కోలుకోవడమా కాదా అని వంశధార గారు అడిగారు కదా, మా కొలీగ్ ఒకామె ఇప్పటికీ అక్కడి నుంచే పనిచేస్తుంది, ఆమె చెప్పినవి రాస్తాను.

రాత్రి దాడి జరిగితే ముందు ఫైర్, రెస్క్యూ వాళ్లు. వాళ్ల వెనకే గ్యాస్, కరెంటు వాళ్లు వచ్చి లైన్లు కట్ చేస్తారు. తెల్లారేసరికి మునిసిపాలిటీ వాళ్లు, ఆరెంజ్ జాకెట్లు, చీపుళ్లు, లారీ. ఆ వీధంతా అద్దం పెంకులు ఊడ్చే గలగల. తర్వాత ఒక టీమ్ ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి కిటికీల కొలతలు తీసుకుంటుంది, కింద లారీ దగ్గరే చెక్కపొట్టుతో చేసిన ఓఎస్‌బీ షీట్లు రంపంతో కోస్తారు, సాయంత్రానికి కొట్టేస్తారు. గది చీకటి అవుతుంది కానీ చలి, వాన లోపలికి రావు. అద్దం తర్వాత ఎప్పుడో. కొన్ని ఇళ్లకి అద్దం వేశాక మళ్లీ పగిలింది, అందుకే చాలామంది షీటు మీదే ఉండిపోయారు. ఊరంతా గోధుమరంగు కిటికీలు.

మెట్రో సంగతి ఇంకోటి. 2022 ఫిబ్రవరి 24 నుంచి మూడు నెలలు రైళ్లు ఆపేశారు, ప్లాట్‌ఫారాల మీద, నిలబెట్టిన బోగీల్లో వేలమంది కాపురం. మే 24న మళ్లీ నడిపారు, టికెట్ లేకుండా. 2023 సెప్టెంబర్‌లో స్టేషన్ల లోపలే గదులు కట్టి స్కూళ్లు పెట్టారు. మా కొలీగ్ కూతురు అక్కడే ఒకటో తరగతి చేరింది. బడి అంటే కిటికీ లేని తెల్ల గది, గాలి గొట్టాలు, గోడ అవతల రైలు శబ్దం. 2024లో ఇండస్ట్రియల్నీ పేటలో, అంటే ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉన్న పేటలోనే, పూర్తిగా భూమి లోపల కొత్త స్కూలు కట్టారు. తర్వాత ఇంకా కొన్ని.

ఎందుకు భూమి లోపలే అంటే, సరిహద్దు అవతల బెల్‌గొరోద్ నుంచి వదిలిన ఎస్-300 మిసైల్ నిమిషం లోపే ఊరి మీద ఉంటుంది. సైరన్ మోగేసరికే పడిపోతుంది. పిల్లల్ని షెల్టర్‌కి తీసుకెళ్లే టైమే ఉండదు, కాబట్టి షెల్టర్‌లోనే బడి పెట్టారు.

వంశధార

@విస్తులా తీరం ఇలాంటివి రాయండి సార్.

మిగతావాళ్ల కోసం క్లుప్తంగా: 2022 సెప్టెంబర్ ఎదురుదాడిలో బలక్లియా, ఇజ్యూమ్, కుప్యాన్‌స్క్ తిరిగి ఉక్రెయిన్ చేతికి వచ్చాయి, ఫిరంగి దెబ్బ ఊరికి దూరమైంది. అప్పట్నుంచీ జనం తిరిగొచ్చారు. మేయర్ తెరేఖోవ్ చెప్పిన లెక్క ప్రకారం మొదట్లో మూడు లక్షలకు పడిపోయిన జనాభా 13 లక్షలకు చేరింది, అందులో పక్క ఊళ్ల నుంచి ఇళ్లు వదిలి వచ్చినవాళ్లు చాలామంది. 2024 మే 10న రష్యా వొవ్‌చాన్‌స్క్ వైపు మళ్లీ దాడికి దిగింది, గ్లైడ్ బాంబుల (రెక్కలు తొడిగి, విమానం దూరం నుంచే వదిలేవి) దాడులు కూడా సాగాయి. మే 23న ఫాక్టర్ ద్రుక్ అనే ప్రింటింగ్ ప్రెస్ మీద మిసైల్ పడి ఏడుగురు కార్మికులు చనిపోయారు. ఉక్రెయిన్‌లో అచ్చయ్యే పుస్తకాల్లో పెద్ద వాటా ఖార్కివ్ ప్రెస్సులదే. ఆ రోజు మెషిన్ల మీద ఉన్నవి సైన్యం సామాన్లు కావు, పుస్తకాలు. అమెరికన్ దాత హోవర్డ్ బఫెట్ ఫౌండేషన్ డబ్బుతో దాన్ని తిరిగి నిలబెట్టారు. ప్రెస్ మీద దాడి జరిగిన రెండు రోజులకి, శనివారం మధ్యాహ్నం, జనం కిక్కిరిసిన ఇంటి సామాన్ల సూపర్ స్టోర్ మీద రెండు గ్లైడ్ బాంబులు. అక్టోబర్ 28న దెర్‌జ్‌ప్రోమ్ మీద. యునెస్కో ప్రత్యేక రక్షణ జాబితాలో పెట్టిన భవనం అది.

పాలమూరు పోరగాడు

ఒకటి అడుగుతా, కోపం చేసుకోకండి. 2022లో బాంబులు పడుతుంటే మునిసిపాలిటీ వాళ్లు పార్కుల్లో తులిప్ పూలు నాటారని చూసిన. ఆ డబ్బుతో ఇంకేమన్నా చేయొచ్చు కదా? అట్లనే బ్రిటన్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫాస్టర్‌తో మాస్టర్ ప్లాన్ అన్నరు. నది పక్కన పార్కు, పాత ఫ్యాక్టరీ స్థలాల్లో కొత్త పరిశ్రమ, సైన్స్ పేట. కిటికీకి అద్దం లేని ఊరికి ఇదంతా ఎందుకు?

విస్తులా తీరం

పూల మీద మా టీమ్‌లోనే గొడవ జరిగింది. ఒకతను నీలాగే అన్నాడు. ఖార్కివ్ ఆమె చెప్పింది, ఆ రోజు సందులోంచి బయటికొస్తే తోటమాలి కూర్చుని మట్టి తవ్వుతున్నాడు, అది చూశాకే ఊరు వదిలి వెళ్లకూడదని అనుకున్నానని. ఆ తోటమాలికీ జీతం కావాలి, ఆ మునిసిపాలిటీ చెదిరిపోతే మర్నాడు అద్దాలు ఊడ్చేవాడు కూడా ఉండడు. నా ఓటు పూలకే.

కోక్ బ్యాటరీ మాస్టారు

ఫాస్టర్ ప్లాన్ 2022 డిసెంబర్‌లో చూపించారు, నేనూ చదివాను. అందులో సాల్తివ్కాలో కాంక్రీటు పలకలతో కట్టిన ప్యానెల్ ఇళ్లని కూల్చకుండా బాగుచేసే భాగం పనికొచ్చేదే. మిగతాది శాంతి వచ్చాక చూసుకునే పని, పాలమూరు అబ్బాయి అన్నదాంట్లో న్యాయం ఉంది. నాకు మాత్రం అసలు పునర్నిర్మాణం వేరే చోట జరుగుతోందనిపిస్తుంది, ఎవరూ ఫొటో తీయని చోట. వేడి నీళ్ల పైపుల్లో. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

మనకి చలికాలం ఇంట్లో హీటింగ్ అనే మాటే లేదు కాబట్టి ముందు పద్ధతి చెప్తాను. సోవియట్ నగరాల్లో ఇంటింటికీ విడిగా హీటర్ ఉండదు. ఊరి చివర ఒక పెద్ద పవర్ ప్లాంట్, కరెంటు చేయగా మిగిలిన వేడితో నీళ్లు కాచి, కిలోమీటర్ల కొద్దీ పైపుల్లో ఊరంతా పంపుతుంది. ప్రతి గదిలో కిటికీ కింద ఇనప రేడియేటర్, అందులో ఆ నీళ్లు తిరుగుతాయి. ఇంధనం ఆదా అయ్యే గొప్ప పద్ధతి, మా డ్రై కూలింగ్ వెనక ఉన్నదీ అదే బుద్ధి, వేడిని పారబోయకూడదని. ఖార్కివ్‌లో ఆ పని చేసే ముఖ్యమైన ప్లాంట్ టీఈసీ-5.

2024 మార్చి 22న ఆ ప్లాంట్‌ని, దగ్గర్లోని జ్మియివ్ థర్మల్ ప్లాంట్‌ని మిసైళ్లతో కొట్టారు. జ్మియివ్ పూర్తిగా పోయింది. ఊరు మొత్తం ఒక్కసారిగా చీకటి. నెలల తరబడి గంటల లెక్కన కరెంటు, ప్రతి షాపు ముందు జనరేటర్ మోత. కానీ ఇంజినీరుగా నాకు భయం వేసింది కరెంటు గురించి కాదు. గడ్డకట్టే చలిలో పంపులు ఆగితే పైపుల్లో నీళ్లు ఆగుతాయి, ఆగిన నీళ్లు గడ్డకడతాయి, గడ్డకట్టిన నీళ్లు ఉబ్బి పైపుని, రేడియేటర్‌ని పగలగొడతాయి. అప్పుడు ప్లాంట్ బాగుచేసినా ఇంట్లోకి వేడి రాదు, వేల ఇళ్ల గోడల్లో పైపులు మార్చాలి. అందుకే చలిలో ప్లాంట్ దెబ్బతింటే గంటల్లోనే మొత్తం లైన్లలోంచి నీళ్లు వదిలేయాలి, బాగయ్యాక మళ్లీ నింపుకుంటూ గాలి తీసుకుంటూ రావాలి. ఆ వాల్వులు తిప్పే ఫిట్టర్లకి ఏ వాల్వు ఎక్కడుందో చేతికి తెలిసి ఉండాలి. ఖార్కివ్‌లో ఆ మనుషులు ఉన్నారు, ఊరు వదల్లేదు. ఫ్యాక్టరీల ఊరు కావడం వల్ల వచ్చిన అసలు ఆస్తి అదే, భవనాలు కాదు.

దాడి మార్చిలో జరిగింది కాబట్టి వేసవి కలిసొచ్చింది. ఆ వేసవిలో వాళ్లు పాత ఆలోచనే తిరగేశారు. ఒక పెద్ద ప్లాంట్ ఉంటే ఒక మిసైల్‌కి ఊరంతా పోతుంది. చిన్న చిన్న గ్యాస్ ఇంజిన్ యూనిట్లు, మాడ్యులర్ బాయిలర్లు పేటపేటకీ పెడితే ఒకటి పోయినా ఒక పేటే పోతుంది. యూనిట్‌కి అయ్యే ఖర్చు ఎక్కువ, సామర్థ్యం తక్కువ. శాంతి సమయంలో ఏ ఇంజినీరూ ఈ పని చేయడు, నన్ను అడిగితే నేనూ వద్దనేవాణ్ని. కానీ వాళ్ల పరిస్థితికి అదే సరైన డిజైన్. యుద్ధం అయిపోయాక కూడా ఆ యూనిట్లు పనికొస్తాయి. అందుకే నేను దీన్ని కోలుకోవడమే అంటాను, ప్రాణం నిలబెట్టుకోవడం కాదు.

నల్లరేగడి

మాస్టారూ, ఇది ఒప్పుకోవాల్సిన మాట. కానీ పెద్ద పరిశ్రమ సంగతేంటి? ట్రాక్టర్ ఫ్యాక్టరీ 2022లోనే కాలిపోయింది. బరబషోవో మార్కెట్ తగలబడింది, లక్షల మందికి సరుకు వెళ్లే బజారు అది. పేటపేటకీ బాయిలర్ పెట్టొచ్చు, ట్రాక్టర్ ఫ్యాక్టరీని పేటపేటకీ పెట్టలేరు కదా. పనిచేసే వయసు మగవాళ్లు సైన్యంలో, ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని పోలండ్‌లో, జర్మనీలో. కార్మికులు లేని ఫ్యాక్టరీల ఊరు ఎన్నాళ్లు నిలబడుతుంది?

వంశధార

అన్నా, ఇదే ఈ థ్రెడ్‌లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే ప్రశ్న. 1941లో యంత్రాలతోపాటు కార్మికుల్ని తీసుకెళ్లారు, చాలామంది తిరిగొచ్చారు, కొందరు ఉరల్‌లోనే ఉండిపోయారు. ఇప్పుడు కూడా కొన్ని ఫ్యాక్టరీలు పశ్చిమ ఉక్రెయిన్‌కి తరలిపోయాయి. టర్బైన్ల ఫ్యాక్టరీ, 2021లో ఎలెక్త్రోత్యాజ్‌మాష్ అనే భారీ ఎలక్ట్రికల్ యంత్రాల ఫ్యాక్టరీతో కలిసి ఒకటే కంపెనీ అయింది, అది మాత్రం దెబ్బలు తింటూనే ఊళ్లోనే పనిచేస్తోంది. వందల టన్నుల మెషిన్లని లారీ ఎక్కించలేరు, పైగా కూలిపోయిన జలవిద్యుత్ కేంద్రాలకి కావాల్సిన టర్బైన్లు చేయగలిగింది ఆ దేశంలో అదొక్కటే. ట్రాక్టర్ ఫ్యాక్టరీ విషయంలో నాకు ఆశ లేదు. 1931 నాటి ఆ రూపంలో అది తిరిగి రాదు, యుద్ధం లేకపోయినా వచ్చేది కాదు.

మీరన్న మార్కెట్ మీద కూడా ఒకటి. రష్యా గిరాకీ మీద బతికిన ఫ్యాక్టరీని ఆ రష్యానే కాల్చేసింది. ఇక ఆ మార్కెట్ గురించి ఆ ఊరివాళ్లతో ఎవరు మాట్లాడగలరు?

తెల్లకోటు

కార్మికుల గురించి అడిగారు కాబట్టి. మా డిపార్ట్‌మెంట్ డాక్టర్లలో సగం మంది వెళ్లిపోయారు, సగం ఉన్నారు. ఉన్నవాళ్లు హాస్పిటల్‌లో పనిచేస్తూ రాత్రి ఆన్‌లైన్‌లో క్లాసులు చెప్పేవాళ్లు. మా బ్యాచ్‌లో కొందరు జార్జియా, ఉజ్బెకిస్తాన్ మారారు, నేను ఆ ప్రొఫెసర్ల దగ్గరే ఆన్‌లైన్‌లో పూర్తిచేసి మన దగ్గర ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు రాయాల్సిన పరీక్ష) రాశాను. డిగ్రీ విలువ గురించి ఇక్కడ చాలామంది మమ్మల్ని ఎద్దేవా చేశారు. చేతిలో ల్యాప్‌టాప్, మెడలో స్టెత్, వెనక ఓఎస్‌బీ కిటికీ, కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ మీద కార్డియాలజీ చెప్పిన మనిషి దగ్గర నేర్చుకున్నాను నేను. అంతకన్నా పెద్ద టీచర్ నాకు దొరకరు.

పాలమూరు పోరగాడు

మాస్టారూ, చివరి డౌట్. పేటపేటకీ పెట్టిన ఆ చిన్న యూనిట్లు గ్యాస్ మీద నడుస్తయన్నరు. ఆ గ్యాస్ ఎక్కడిది? రష్యాదే అయితే మళ్లీ మొదటికే వస్తది కదా?

కోక్ బ్యాటరీ మాస్టారు

సరైన చోట వేలు పెట్టావ్ బాబూ. గ్యాస్ చాలావరకు సొంతదే. ఖార్కివ్ ప్రాంతంలోనే షెబెలింకా అనే పాత పెద్ద గ్యాస్ క్షేత్రం ఉంది, 1950లో దొరికింది, పక్కన పొల్తావాలో కూడా బావులున్నాయి. ఆ సంగతి అవతలివాళ్లకీ తెలుసు. 2025 అక్టోబర్ 3న సరిగ్గా హీటింగ్ సీజన్‌కి ముందు ఖార్కివ్, పొల్తావా ప్రాంతాల గ్యాస్ కేంద్రాల మీద పెద్ద దాడి చేశారు. పవర్ ప్లాంట్ కొడితే ఊరు చిన్న యూనిట్లకి మారింది, ఇప్పుడు ఆ యూనిట్ల మేతకే గురిపెట్టారు. దిగుమతి గ్యాస్ పోలండ్, హంగరీ, స్లొవేకియా వైపు నుంచి వస్తుంది, ధర ఎక్కువ. వెయ్యి కిలోమీటర్లు దాటి ఖార్కివ్ చేరేలోపు కంప్రెసర్ స్టేషన్లు అన్నీ నిలబడి ఉండాలి.

విస్తులా తీరం గారూ, మీ కొలీగ్‌ని ఒకటి అడిగి చెప్పండి. వాళ్ల పేటలో రేడియేటర్లు పెద్ద ప్లాంట్ లైన్ మీదే ఉన్నాయా, కొత్త బాయిలర్ మీదకి మార్చారా? మార్చి ఉంటే, కరెంటు పోయినప్పుడు పంపు ఆగుతోందా లేదా అన్నది నాకు కావాలి.

విస్తులా తీరం

అడుగుతాను సార్. ఇప్పుడు అక్కడ కరెంటు లేదు, మెసేజ్ వెళ్లింది కానీ ఇంకా చూడలేదు. రాగానే ఇక్కడే పెడతాను.